కష్టంలో వెంట వచ్చే మనిషి: గోదావరి డెల్టా కుటుంబాలు, యువత మమ్మల్ని అడిగే ప్రశ్నలు

కోనసీమలోనూ, వశిష్ఠకి అవతల నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలోనూ కుటుంబాలకీ, చదువుకునే పిల్లలకీ చేతనైన సాయం చేసే చిన్న చిన్న సంఘాలు ఉన్నాయి. కొన్నింటికి బోర్డు ఉంటుంది, కొన్నింటికి ఉండదు. ఆ పనిలో ఉన్నవాళ్ళం కాబట్టి, జనం మమ్మల్ని పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాం.

అసలు మీరు చేసే పనేంటి?

ఎక్కువగా చేసేది వెంట వెళ్ళడం. ఆసుపత్రికి, పోలీస్ స్టేషన్‌కి, బ్యాంకుకి, గ్రామ సచివాలయానికి.

ఒక అమ్మమ్మ సంగతి చెబుతాం. కూతురు కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. ఇద్దరు మనవలు ఈవిడ దగ్గరే ఉండి చదువుకుంటున్నారు. 2025లో బడి పిల్లల చదువుకి ప్రభుత్వం డబ్బిచ్చే తల్లికి వందనం పథకం మొదలైనప్పుడు, పిల్లవాడికి 15,000 చొప్పున ఇచ్చే ఆ డబ్బులో 13,000 తల్లి ఖాతాలో పడాలి. పడలేదు. బ్యాంకుకి వెళ్తే ఖాతా ఎవరిదో వాళ్ళే రావాలన్నారు. సచివాలయానికి వెళ్తే బ్యాంకులోనే అడగమన్నారు. పాత బట్టల షాపు కవర్లో రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు, అట్ట ఊడిపోయిన పాస్‌బుక్కు పెట్టుకుని ఆవిడ అటూ ఇటూ తిరిగింది. మా కార్యకర్త చేసిందల్లా ఆవిడ పక్కన కూర్చోవడం, రాత్రి పొద్దుపోయాక కూతురికి పని అయ్యే వేళ చూసుకుని వీడియో కాల్ చేయడం, ఖాతాకి ఆధార్ లింక్ అయిందో లేదో కనుక్కోవడం, సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌లో అర్జీ రాయించి రశీదు తీసుకోవడం. ఇందులో గొప్ప విద్యేం లేదు. ఆ పని చేసే మనిషి లేకపోతే మాత్రం ఆ అమ్మమ్మ అక్కడితో ఆగిపోయేది.

సచివాలయం ఉంది, అంగన్‌వాడీ ఉంది, డ్వాక్రా ఉంది. మళ్ళీ వేరే సంఘం దేనికండీ?

అవి ఉన్నాయి కాబట్టే మా పని సాగుతోంది. 1982లో మొదలైన డ్వాక్రా ఈ జిల్లాల్లో ఆడవాళ్ళ చేతికి పొదుపు, అప్పు, మాట్లాడే ధైర్యం ఇచ్చింది. ఊరి గ్రామ సంఘం లీడర్లు సాయం చేయకపోతే మేం ఏ వీధిలోకీ వెళ్ళలేం. అయితే డ్వాక్రా మీటింగ్‌లో కిస్తీ లెక్క తేలాలి, తీర్మానం పుస్తకం రాయాలి. అక్కడ పదిమంది ముందు ఒక తల్లి లేచి, మావాడు రాత్రిళ్ళు ఇంటికి రావడం లేదని చెప్పగలదా? ఇరవై ఏళ్ళ కుర్రాడు ఆ మీటింగ్‌కే రాడు కదా!

సచివాలయం ఉద్యోగికి తన పని మీద పట్టు ఉంటుంది, బదిలీ కూడా ఉంటుంది. పక్క వీధిలో ఉండే మనిషికి బదిలీ ఉండదు. ఆ ఇంట్లో పెద్దాయన ఎప్పుడు చనిపోయాడో, పొలం ఎవరికి కౌలుకి ఇచ్చారో, ఏ పిల్ల చదువు మానేసిందో ఆ మనిషికి తెలుసు. ఆ తెలిసినతనాన్ని ఆఫీసు దాకా తీసుకెళ్ళడమే స్థానిక సంఘం విలువ అని మేం గట్టిగా నమ్ముతాం.

ఇదేమైనా కొత్తగా పుట్టిన పద్ధతా?

మన నేలకు కొత్త కాదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) ఏ వేళ వచ్చినవాళ్ళకైనా అన్నం పెట్టారు. అదే గన్నవరం దగ్గర వైనతేయ మీద కట్టిన అక్విడెక్టుకి ఆవిడ పేరే పెట్టారు, 2024 నుంచి బడుల్లో మధ్యాహ్న భోజనం కూడా ఆవిడ పేరు మీదే సాగుతోంది. రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆ పెళ్ళికి నిలబడినవాళ్ళని ఊరు వెలివేసినంత పని చేసింది. వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ రాకపోతే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు ఆ పనులన్నీ తానే చేసుకున్నారు. వెంట నిలిచిన ఆ కాస్తమంది తోడు లేకపోతే ఆ పెళ్ళి జరిగేది కాదు. గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి వెంకటరమణయ్య గారిదీ ఈ డెల్టాయే, కొంకుదురు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టాక ఊరూరా వెలసిన పఠన మందిరాలు పుస్తకాలు ఇవ్వడంతో ఆగలేదు. సాయంత్రం కుర్రాళ్ళు కూర్చోవడానికి ఒక చోటు ఇచ్చాయి. ఇప్పుడు మన ఊళ్ళలో బాగా తగ్గిపోయింది అలాంటి చోటే.

నేను గల్ఫ్‌లో ఉన్నాను (లేదా వెళ్ళబోతున్నాను). పిల్లలు మా అమ్మ దగ్గర ఉంటారు. మీరేం చూడగలరు?

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు నుంచీ, అవతల నరసాపురం, మొగల్తూరు వైపు నుంచీ కువైట్, ఒమన్ లాంటి దేశాలకు ఇంటిపనికి వెళ్ళే తల్లులు ఎక్కువ. కాబట్టి ఈ జవాబు కాస్త పెద్దది.

వెళ్ళకముందు మాట మొదట. ఈసీఆర్ ముద్ర (వెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి కావాలన్న గుర్తు) ఉన్న పాస్‌పోర్టుతో ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళాలంటే ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండాలి. నిండకపోయినా పంపిస్తాం, విజిట్ వీసా మీద వెళ్ళి అక్కడ మార్చుకోవచ్చు అని ఎవరైనా చెబితే అక్కడే ఆగండి. అలా వెళ్ళినవాళ్ళకి అక్కడ జీతం ఎగ్గొట్టినా, కొట్టినా చెప్పుకోవడానికి కాగితం ఉండదు. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వం ఈ-మైగ్రేట్ సైట్‌లో చూడవచ్చు. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా సర్వీసు ఛార్జీ కింద 30,000, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు జిరాక్సులు ఒక సెట్టు ఇంట్లో, ఒక సెట్టు నమ్మకమైన మరొకరి దగ్గర ఉంచి వెళ్ళండి. అక్కడ ఇబ్బంది వస్తే మన విదేశాంగ శాఖ వాళ్ళ మదద్ పోర్టల్ ఉంది, విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళ కోసం రాష్ట్రానికి ఏపీఎన్ఆర్టీ సొసైటీ ఉంది. ఫిర్యాదు పెట్టేటప్పుడు మొదట అడిగేది ఆ జిరాక్సులే.

ఇక పిల్లలు. అమ్మమ్మలు అన్నానికీ ప్రేమకీ లోటు చేయరు. ఇబ్బంది వేరే చోట వస్తుంది. ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు చెప్పుకోవడానికి ఎవరుంటారు, బడిలో పేరెంట్స్ మీటింగ్ అంటే ఎవరు వెళ్తారు, పదిహేనేళ్ళ మనవడు బండి తాళం లాక్కుంటే ఆపగలిగేది ఎవరు? వీటికి ఊళ్ళోనే ఒక పిన్ని లాంటి మనిషిని, ఒక అన్న లాంటి మనిషిని మేం ఇంటికి పరిచయం చేస్తాం. వారానికోసారి వెళ్ళి పలకరిస్తారు, బడిలో హాజరు కనుక్కుంటారు, తల్లికి ఫోన్లో ఉన్నదున్నట్టు చెబుతారు. అమ్మ కంగారుపడుతుందని ఇంట్లో వాళ్ళు దాచే సంగతులు ఏడాది తర్వాత ఒకేసారి బయటపడితే ఆ తల్లికి మరీ నరకం. అంత దూరంలో ఉన్న మనిషి ఏం చేయగలదు?

తండ్రి చనిపోయిన పిల్లలకీ, తల్లి ఒంటరిగా పెంచుతున్న పిల్లలకీ మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకు 4,000 సాయం అడగవచ్చు. ఏడాది ఆదాయం పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. అర్జీ జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్తుంది. అంగన్‌వాడీ టీచర్ని అడిగితే దారి చెబుతారు. తల్లి గల్ఫ్‌లో ఉన్నంత మాత్రాన ఇది రాదు. ముందే చెబుతున్నాం, ఆశపడి తిరగొద్దు.

మావాడు ఫోన్లో ఆటలాడి అప్పులపాలయ్యాడు. పోలీసులకి చెప్పాలా, డాక్టర్‌కి చూపించాలా?

సంక్రాంతి వెళ్ళిన పది పదిహేను రోజులకు ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. కోడిపందెం బరి పక్కన గుండాట జూదంలో పోయింది కొంత, దాన్ని రాబట్టుకుందామని ఫోన్లో పోగొట్టింది కొంత. డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పోకర్ లాంటి ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025లో కేంద్రం కూడా దేశమంతటికీ చట్టం తెచ్చింది. అయినా లింకులు వాట్సాప్‌లోనూ టెలిగ్రామ్‌లోనూ వస్తూనే ఉన్నాయి.

దయచేసి మొదటి రోజే గాజులు తాకట్టు పెట్టి అప్పు తీర్చేయకండి. కుర్రాడు మొదటి రోజు చెప్పే లెక్క అసలు లెక్క అయి ఉండదు. సిగ్గుతో సగం దాస్తాడు. మేం చేసేదేమిటంటే, ఇంట్లో అరుపులు తగ్గాక, అతను నమ్మే ఒక వయసు పెద్ద కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టి తెల్ల కాగితం మీద రాయిస్తాం. స్నేహితుల దగ్గర ఎంత, యాప్‌లలో ఎంత, ఫైనాన్స్‌లో ఎంత, అమ్మ పేరు మీద తీసింది ఏదైనా ఉందా. ఆఖరి గడి దగ్గర చాలామంది పెన్ను ఆపేస్తారు. అసలు సంగతి అక్కడే ఉంటుంది. అది కూడా బయటికి వచ్చాకే తీర్చే దారి గురించి మాట్లాడాలి.

మోసం జరిగి ఖాతాలో డబ్బు పోయి ఉంటే మాత్రం ఆగకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు అవతల ఖాతాలోనే ఆగే అవకాశం అంత ఎక్కువ. లోన్ యాప్ వాళ్ళు ఫోటోలు మార్ఫింగ్ చేసి బంధువులకి పంపుతామని బెదిరిస్తే అది వాళ్ళ నేరం, మీవాడి నేరం కాదు. స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని స్టేషన్‌కి రండి, మేం తోడు వస్తాం. ఆ రోజుల్లో కుర్రాణ్ణి ఒంటరిగా వదలకండి. మాట పొడిపొడిగా వస్తుంటే, తిండి మానేస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి. పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా అక్కర్లేదు.

గంజాయి తాగుతున్నాడని అనుమానం. చెబితే కేసు పెట్టేస్తారేమో?

మీవాడు బాగుపడాలంటే ముందు వైద్యం కావాలి. జాతీయ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేస్తే మీకు దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో చెబుతారు. ఊళ్ళో అమ్మేవాళ్ళ గురించి చెప్పాలంటే రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన 1972 నంబరు ఉంది. తిట్టీ కొట్టీ మాన్పించామన్న ఇల్లు మాకు ఒక్కటీ కనబడలేదు.

మా అమ్మాయి పది ఫెయిలైంది. ఇంట్లో మాట్లాడుకోవడం మానేశాం.

ఫలితాలొచ్చిన రోజు సాయంత్రం మా కుర్రాళ్ళు వెళ్ళేది పాసైన ఇళ్ళకి కాదు, ఇలాంటి ఇళ్ళకి. ఆ రాత్రి గడవడం ముఖ్యం. మీరు కూడా ముందు ఆ పిల్లతో కలిసి అన్నం తినండి, మార్కుల మాట తర్వాత చూద్దాం. సప్లిమెంటరీ పరీక్షలు అదే ఏడాది పెడతారు, పాసైతే ఏడాది పోదు. బడికి మళ్ళీ వెళ్ళలేని పిల్లలకి సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పది, ఇంటర్ రాసే వీలుంది. ఫీజు కట్టే గడువు చిన్నది, దాన్ని మాత్రం దాటనివ్వకండి.

పదిహేడేళ్ళ పిల్లకి మంచి సంబంధం వచ్చింది. ఏడాదే కదా తక్కువ?

ఆడపిల్లకి 18, మగపిల్లవాడికి 21 నిండకుండా చేస్తే 2006 చట్టం ప్రకారం నేరం. జరిపించిన పెద్దలూ బాధ్యులే. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. తల్లి దూరదేశంలో ఉండి, పిల్లకేమవుతుందోనన్న బెంగతో తొందరపడే ఇళ్ళు మాకు తెలుసు. ఆ బెంగ నిజమైనదే. దానికి మందు పెళ్ళి కాదు. ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే కస్తూర్బా విద్యాలయాలు, సంక్షేమ హాస్టళ్ళు ఉన్నాయి, సీటు కోసం మేం తిరుగుతాం. ఇంట్లో గౌరవించే పెద్దమనిషి చేత మాట్లాడిస్తాం. వినకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పక తప్పదు. ఆ నంబరుకి పిల్ల కూడా స్వయంగా ఫోన్ చేయవచ్చు.

ఇంట్లో గొడవలు. మీకు చెబితే ఊరంతా తెలుస్తుందేమో?

ఈ భయం వల్లే ఎందరో ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి దెబ్బలు తింటూ ఉండిపోతున్నారు. మీరు చెప్పింది మీ అనుమతి లేకుండా మా దగ్గర ఇంకొకరికి కూడా తెలియదు. కలవడం కూడా మీ ఇంటి దగ్గర కాదు. సంతరోజు బజారుకు వచ్చినప్పుడో, పీహెచ్‌సీకి వచ్చినప్పుడో మాట్లాడుకోవచ్చు. లేసు అల్లే ఆడవాళ్ళు దారం తెచ్చుకోవడానికి, అల్లిక అప్పగించడానికి వెళ్ళే దారిలో కలిసినవాళ్ళూ ఉన్నారు.

మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే జిల్లాలోని సఖి కేంద్రానికి కలుపుతారు. అక్కడ వైద్యం, కౌన్సెలింగ్, పోలీసు సాయం, కొద్ది రోజులు తలదాచుకునే చోటు ఒకే దగ్గర ఉంటాయి. కోర్టుకి వెళ్ళాలంటే ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, నంబరు 15100.

ఒక్క సంగతి మాత్రం దాచలేం. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. మాకు చెప్పేముందే మీకు ఈ మాట తెలిసి ఉండాలి.

మీ సంఘం ఎవరిదండీ? ఏ కులం? ఏ పార్టీ?

సూటిగా అడిగినవాళ్ళంటే మాకు గౌరవం. మనసులో పెట్టుకుని రాకుండా ఉండిపోయేవాళ్ళే ఎక్కువ.

ఇక్కడ ఏ వీధి ఎవరిదో పుట్టిన పిల్లకి కూడా తెలుసు. అందుకే మేం ఏ కులం కమ్యూనిటీ హాల్లోనూ, గుడిలోనూ, చర్చిలోనూ మీటింగ్ పెట్టం. బడి వరండాలోనో, శాఖా గ్రంథాలయంలోనో పెడతాం. పేటలో నుంచి వచ్చిన పిల్లా, పెద్ద వీధిలో నుంచి వచ్చిన పిల్లా ఒకే బెంచీ మీద కూర్చోకపోతే ఆ సంఘం ఎంత సేవ చేసినా సగమే అని మా ఉద్దేశం. 2022 మే నెలలో జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో జరిగిన గొడవల్లో ఎందరో కుర్రాళ్ళు కేసుల్లో ఇరుక్కున్నారు. వాళ్ళలో చాలామందిని అటు నడిపించింది వాట్సాప్ గ్రూపులే. ఆ వయసు పిల్లలకి అవతలి వీధిలో ఒక్క స్నేహితుడున్నా ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేసేముందు చెయ్యి ఆగుతుంది. అందుకే కబడ్డీ టీమ్ అయినా, గ్రూప్స్‌కి చదువుకునే బ్యాచ్ అయినా కలిపే పెడతాం. దీనివల్ల మాకు రాని చందాలు ఉన్నాయి. ఫర్వాలేదు.

ఎన్నికలప్పుడు మా సభ్యులెవరైనా ప్రచారానికి వెళ్తే ఆ నెలలు సంఘం పనికి దూరంగా ఉంటారు.

వరదలొస్తే ఈ సంఘాలకు పనేముంటుంది? బోట్లు, భోజనాలు అధికారులే చూస్తారు కదా?

2022 జులైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో, అంటే నది మధ్య ఊళ్ళలో ఉన్నవాళ్ళకు తెలుసు, పడవ రావడం ఒకటి, ఆ పడవ ముందు ఎవరింటికి వెళ్ళాలో తెలియడం ఇంకొకటి. ఏ ఇంట్లో నెలలు నిండిన అమ్మాయి ఉంది, ఎవరికి డయాలసిస్ ఉంది, మంచం దిగలేని ముసలాయన ఏ వైపు ఉన్నాడు, ఏ ఇంట్లో పిల్లలు మాత్రమే ఉన్నారు, ఈ జాబితా ఊళ్ళోవాళ్ళ దగ్గరే ఉంటుంది. మేం దాన్ని జూన్ నెలాఖరుకి రాసి పంచాయతీలో ఒక కాపీ, ఏఎన్ఎం దగ్గర ఒక కాపీ ఉంచుతాం.

ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఇస్తారు. మొదటి హెచ్చరిక రాగానే సర్టిఫికెట్లు, పాస్‌బుక్కులు, భూమి కాగితాలు, మందుల చీటీలు ప్లాస్టిక్ కవర్లో కట్టించి, గర్భిణుల్ని గట్టు ఇవతలికి తెచ్చేస్తాం. రెండో హెచ్చరిక దాకా ఆగితే కాజ్‌వేలు మునిగిపోతాయి. పశువులని వదిలి రామని పట్టుబట్టేవాళ్ళని తిట్టి లాభం లేదు. ముందు గేదెలకి గట్టు మీద చోటు చూపిస్తే మనుషులు వాటి వెనకే వస్తారు.

నీళ్ళు తీశాక అందరూ వెళ్ళిపోతారు, అప్పుడు మొదలవుతుంది అసలు పని. ఇంట్లో ఒండ్రు ఎత్తడం, పాములు చూసుకోవడం, తడిసిన పుస్తకాల బదులు వేరే పుస్తకాలు, నష్టపరిహారం జాబితాలో పేరు ఉందో లేదో చూసుకోవడం. కౌలుకి చేసేవాళ్ళ పేర్లు అక్కడ తరచూ జారిపోతుంటాయి. వాటి కోసం మేం పట్టుబడతాం.

మీరు డబ్బు సాయం చేస్తారా?

చేతికి నగదు ఇవ్వం. పరీక్ష ఫీజు, అత్యవసరానికి ఆటో ఖర్చు, మందులు లాంటివి నేరుగా కడతాం.

మంచి సంఘమా, చందాల సంఘమా అని ఎలా తెలుసుకోవాలి?

మమ్మల్ని కూడా ఈ ప్రశ్నలతోనే పరీక్షించండి. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయిందా? ఏటా లెక్కలు ఆడిట్ చేయించి ఊళ్ళో చూపిస్తారా? చందాకి రశీదు ఇస్తారా? సాయం తీసుకున్న పిల్లల మొహాలు ఫేస్‌బుక్‌లో పెడుతున్నారంటే మాకు అక్కడే అనుమానం వస్తుంది. పేద పిల్లకి బ్యాగు ఇచ్చి ఆరుగురు పెద్దలు చుట్టూ నిలబడి ఫోటో దిగడం సేవ అనిపించుకోదు. పెద్దవాళ్ళు పిల్లలతో తలుపు వేసుకుని ఒంటరిగా కూర్చునే పద్ధతి ఉన్న చోటికి పిల్లల్ని పంపకండి. పిల్లల్ని ఉంచుకునే హోమ్ అయితే 2015 బాలల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి, కాగితం చూపించమనండి. సేవ పేరు చెప్పి గల్ఫ్ ఉద్యోగాలు ఇప్పిస్తామంటే ఇక మాట్లాడకుండా వచ్చేయండి.

మా ఊళ్ళో ఏ సంఘమూ లేదు. మేం నలుగురం కుర్రాళ్ళం, డబ్బు లేదు. ఏం చేయగలం?

రిజిస్ట్రేషన్‌కి కనీసం ఏడుగురు కావాలి, కానీ అది ఇప్పుడే అక్కర్లేదు. ముందు పంచాయతీ సెక్రటరీని అడిగి సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా బడిలో ఒక గది తెరిపించుకోండి. ఫ్యాను, లైటు పనిచేస్తే చాలు. చిన్నపిల్లలు హోంవర్క్ చేసుకుంటారు, మీరు మీ పరీక్షలకి చదువుకుంటారు. మీతో కనీసం ఇద్దరు ఆడపిల్లలు కూడా ఉండేలా చూడండి, లేకపోతే ఆ గదికి ఆడపిల్లల్ని పంపరు. ఇంటికి వెళ్ళేటప్పుడు చీకటి పడుతుంది కాబట్టి ఎవరు ఎవరిని దింపుతారో ముందే తల్లిదండ్రులకి చెప్పండి.

తర్వాత ఒక నోటు పుస్తకం పెట్టండి. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు, బడి మానేసిన పిల్లలు, తల్లి ఊళ్ళో లేని ఇళ్ళు. పేర్లు రాసిన పుస్తకం ఎవరికీ ఇవ్వకూడదు, ఫోటో తీయకూడదు. నెలకోసారి ఏఎన్ఎం గారితో, డ్వాక్రా గ్రామ సంఘం ప్రెసిడెంటుతో, ఒక టీచర్‌తో కూర్చుని ఆ పేర్ల గురించి మాట్లాడండి. 112, 1098, 181, 14416, 1930 నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి చేపల బజారు గోడ మీదా, రేషన్ షాపు దగ్గరా, పాలకేంద్రం దగ్గరా అంటించండి. ఎవరైనా ఫోన్ చేసి మండలానికి తోడు రమ్మంటే, మీలో ఆ రోజు ఖాళీగా ఉన్నవాళ్ళు బండి తీయండి.